అపహృతాయుధము - స్వామి బాధ్యత

ఒకని యింట తుపాకి యున్నది. దానికి ప్రభుత్వమువారి యనుజ్ఞాపత్రము కలదు. ఒకనాటి రాత్రి దొంగ యొకడు దాని నెత్తుకొనిపోయి, మఱునాడు వేఱొక యూర నెవ్వనినో కాల్చి చంపెను. హంతకుడు దొంగ యనుటకు సందేహింపనక్కఱలేదు. కాని మృతుని భార్య యాయుధస్వామి వాకిటికి వచ్చి, నీ తుపాకి కాదా నా సంసారమును కూల్చినదని యడిగినయెడల నతడేమి చెప్పవలయును? నేనును దొంగచేత నష్టపడినవాడనే యని పలికి తలుపు వేసికొనుట న్యాయమగునా? లేక, ఆయుధము నీదగుటచేత హత్యయు నీదేయని లోకము వానిని పట్టుకొనుట న్యాయమగునా? ఈ రెండు మాటలును తొందరపాటు మాటలే. ఈ రెంటి నడుమ దారి వెదకుకొనుటకు మానవసంఘమునకు సుమారు నాలుగువేల యేండ్లు పట్టినది. ఆ వెదకులాట చరిత్రయే యీ వ్యాసమునకు విషయము.

మిక్కిలి ప్రాచీనములైన శాసనములలో తుపాకి స్థానమున మనకు ఎద్దు కనబడుచున్నది. క్రీస్తునకు పూర్వము పదునెనిమిదవ శతాబ్దమున బాబిలోను నేలిన హమ్మురాబి తన శాసనములను శిలాస్తంభముపై చెక్కించెను. ఆ స్తంభము నేడు పారిసు నగరమునందలి లూవ్రు ప్రదర్శనశాలలో నున్నది. వీధిని పోవుచున్న యెద్దు దారినిపోవువానిని పొడిచి చంపినయెడల నెవ్వరిపైనను వ్యాజ్యము చెల్లదని యందొక నియమము. దాని వెంటనే మఱియొకటి: ఆ యెద్దు పొడుచునదని వాడకట్టువారు ముందే తెలిపియుండియు, స్వామి దాని కొమ్ములకు తొడుగు వేయక, దానిని కట్టివేయక విడిచియుండెనేని, చనిపోయిన స్వతంత్రపురుషునికై అరమీనా వెండి చెల్లింపవలయును. చచ్చినవాడు బానిసయైనచో మూడవవంతు మీనాయే చాలునట! ఆ భేదమునకు మనము సిగ్గుపడవలసినదే కాని, మొదటి రెండు నియమముల నడుమ నున్న భేదమును మాత్రము మెచ్చుకొనక తప్పదు. ఎద్దు ఒక్కటియే, పొడుపు ఒక్కటియే, చావు ఒక్కటియే. స్వామికి ముందు తెలిసియుండుటయు, తెలిసియు కట్టకుండుటయు మాత్రమే వేఱు. యూదుల నిర్గమకాండమునందును ఈ తారతమ్యమే కానవచ్చును. అక్కడ పొడిచిన యెద్దును రాళ్లతో కొట్టి చంపుదురు, స్వామి నిర్దోషి. కాని యది పూర్వమునుండి పొడుచునదని యెఱిగియు వాడు దానిని బంధింపకున్నచో వాని ప్రాణమునకే ముప్పు.

మన దేశమునకు వచ్చినచో, మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున స్వామిపాల వివాదమను ప్రకరణ మొకటి కలదు. మనువును మన సంస్కర్తలు పెక్కు విషయములందు నిరాకరించిరి, నిరాకరించుట యుక్తమే. స్త్రీలకును శూద్రులకును ఆ గ్రంథము చేసిన యన్యాయమును కప్పిపుచ్చుటకై నేనీ ప్రకరణము నెత్తుకొనలేదు. పశువుల కాపరికిని పశువుల స్వామికిని కలుగు తగవులలో దోష మెవనిదని నిర్ణయించుచు స్మృతికారుడు చూపిన సూక్ష్మబుద్ధి మన ప్రస్తుత విషయమునకు మిక్కిలి పనికివచ్చుచున్నది. పగలు పశువుల క్షేమమునకు కాపరి యుత్తరవాది; రాత్రి స్వామి యింట కట్టివేయబడియున్నచో స్వామియే యుత్తరవాది. అనగా సొత్తు ఎవనిదను ప్రశ్నకంటె, ఆ వేళ నది యెవని చేతిలో నున్నదను ప్రశ్నయే ముఖ్యముగా నెంచబడినది. ఇక దొంగలు మీదబడి పశువులను తోలుకొనిపోయినప్పుడు కాపరి గతి యేమి? వాడు కేకలు వేసియుండి, ఆ చోటనే, ఆ కాలముననే తన స్వామికి వార్త తెలిపియుండినయెడల నష్టపరిహార మీయనక్కఱలేదని స్మృతి చెప్పుచున్నది. దొంగతనము జరిగినంతమాత్రమున కాపరి విడుదల పొందలేదు. కేక వేయుట యొకటి, వెంటనే చెప్పుట యొకటి, ఈ రెండును చేసిననే విడుదల.

ఆ యధ్యాయముననే బండి తగిలి కలుగు ప్రమాదములను గూర్చి కొన్ని శ్లోకములు కలవు. ముకుతాడు తెగినను, కాడి విఱిగినను దండనము లేదు. నేర్పరికాని సారథివలన బండి త్రోవ తప్పి హాని కలిగినచో బండి స్వామికి రెండువందల పణముల దండనము. సారథి నేర్పరియైనచో దండనము సారథికే. నేర్పులేనివాని చేతికి పగ్గములిచ్చుట స్వామి చేసిన తప్పు. నేర్పరి యేమఱుట నేర్పరి తప్పు. తొమ్మిదవ యధ్యాయమున నింకొక మెట్టు కూడ కానవచ్చును. దొంగలకు అన్నము, నిప్పు, ఆయుధము, చోటు ఇచ్చువారిని రాజు దొంగలనుగానే యెంచి దండింపవలయునట. ఈ మూడును కలిపి చూచినచో మన విషయమునకు కావలసిన విభాగమంతయు దొరకుచున్నది. ఎఱిగి యిచ్చినవాడు దొంగతో సమానుడు. ఏమఱి విడిచినవాడు తన యేమఱుపాటునకు తాను బాధ్యుడు. కాపాడుకొనుచుండగా బలాత్కారముగ పోగొట్టుకొని వెంటనే చాటినవాడు నిర్దోషి.

ఇక నింగ్లండునకు పోవుదము. నేడు మన న్యాయస్థానములలో టార్టు లను పేర నడచు పౌరాపకృత్యముల న్యాయమునకు మూలము అక్కడిదే గనుక ఈ ప్రయాణము తప్పదు. ఆల్ఫ్రెడ్ రాజు (871-899) శాసనములలో ఆయుధమును ఎరువిచ్చినవానిని గూర్చి యొక నియమము కలదు. ఒకడు తన యాయుధమును మఱియొకని కిచ్చి, వాడు దానితో నరహత్య చేసినచో, ఇరువురును కలిసి మృతుని ప్రాణమూల్యమును చెల్లింపవచ్చును; కలిసి చెల్లింపకున్నచో, ఇచ్చినవాడు మూడవవంతు తాను భరింపవలయును. కత్తులకు మెఱుగు పెట్టువాడును, పనిముట్లను బాగుచేయు కమ్మరియు, తమయొద్దకు వచ్చిన వస్తువును నిష్కళంకముగనే తిరిగి యప్పగింపవలయునని యా శాసనమే విధించుచున్నది. కళంకమనగా త్రుప్పు కాదు, నెత్తురు. బాగుచేయుటకు వచ్చిన కత్తి యా నడుమ నొక హత్యకు వాడబడినయెడల, స్వామి చేతికి మఱల వచ్చునది ఖడ్గము కాదు, ఒక వ్యాజ్యము.

ఆ పిమ్మట నూటయేబది యేండ్లు గడవకముందే కన్యూట్ రాజు (1016-1035) చేసిన ధర్మశాసనమున నాకు మిక్కిలి ముచ్చటగొలుపు నిబంధన మొకటి కలదు. ఒకడు పనిమీద మఱియొకని యింటికి పోవుచు తన యీటెను వాకిట నానించి లోపలికి పోయెననుకొనుడు. లేదా తన యాయుధములను కదలకుండ నొకచోట పదిలముగా పెట్టెననుకొనుడు. వేఱొకడు వచ్చి దానిని తీసికొని యెవనికో హాని చేసెను. అప్పుడు హాని చేసినవాడే మూల్యము చెల్లింపవలయును. మంచిదే. కాని రాజు అక్కడితో నూరకుండలేదు. ఆ పని తన యిచ్ఛ కాదనియు, తన యధీనమున జరిగినది కాదనియు, తన యాలోచన కాదనియు, తన యెఱుకలో లేదనియు ఆయుధస్వామి తన్ను తాను శుద్ధుని చేసికొనవలయును. అట్లు చేసికొన్నచో వాడు నిర్దోషియగుట దైవన్యాయ మని యా శాసనము.

ఈ నాలుగు మాటలను నెమ్మదిగా తలపోసిన యెడల, వేయియేండ్ల క్రిందటి యా యనాగరిక కాలమని మనము చెప్పుకొను కాలమున, పాలకుల కెంత తెలిసియుండెనో బోధపడును. దొంగ యను మాట చెప్పినంతనే స్వామి వదలిపోడు. అట్లని దొంగ చేసిన దానికంతకును వానిని కట్టిపడవేయుటయు లేదు. వాడు వచ్చి నలుగురిలో నిలువబడి నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పవలయును. ఆ సమాధానము ప్రమాణరూపమున నుండుట కాలధర్మము; సాక్ష్యము, పత్రము, పరీక్ష యనునవి పిమ్మట వచ్చినవి.

మధ్యయుగములలో మాత్ర మింగ్లండు న్యాయము వెనుకకు నడచినదనవలయును. అక్కడ 'డియోడాండు' అను నాచార మొకటి బలపడెను. దేవున కర్పింపవలసిన వస్తువని యా లాటిను మాటకు అర్థము. మనుష్యుని మృతికి కారణమైన వస్తువు గుఱ్ఱము కానిండు, బండిచక్రము కానిండు, అది రాజునకు చెందును. దాని వెలను పుణ్యకార్యములకు వినియోగింపవలయునని మాట. స్వామి జాగరూకుడా యేమఱుపాటు గలవాడా యను విచారణ లేదు. మృతుని పిల్లలకు దక్కునది లేదు. వస్తువే దోషి! ఈ వింత 1840 ప్రాంతముల ఆవిరిబండ్లు వచ్చువఱకు నీడ్చుకొనివచ్చినది. 1841 డిసెంబరు 24వ తేదీన గ్రేట్ వెస్టరన్ రైలుమార్గమున సోనింగు నొద్ద తెగవేసిన గట్టు విఱిగి దారిపై పడియుండగా, సామాను బండి దానిని ఢీకొనెను. దానితోడి తెఱపి పెట్టెలలో కూర్చుండిన మూడవతరగతి ప్రయాణికులు, పండుగకు ఇండ్లకు పోవుచున్న పేదవారు, పలువురు మరణించిరి. మృతివిచారణ చేసిన జూరీవారు ఆ యింజనుపైనను పెట్టెలపైనను 1,000 పౌండ్ల డియోడాండు విధించిరి. పాతకాలపు గుఱ్ఱము వెల యిచ్చుకొని పోవుటకు వెనుదీయనివారు, ఇంజను వెల యనగానే యులికిపడిరి. 1846లో పార్లమెంటు ఆ యాచారమును రద్దుచేసి, ఆ సంవత్సరముననే మృతుని కుటుంబమువారు తప్పు చేసినవానిపై దావా వేసి పరిహారము పొందవచ్చునని వేఱొక చట్టము చేసెను. దానిననుసరించియే మన దేశమున 1855లో ప్రాణాపాయ ప్రమాదముల చట్టము వచ్చినది. పరిహారము రాజుగారి ధనాగారమునుండి వితంతువు చేతికి దిగివచ్చుటకు ఆఱువందల యేండ్లకు పైగా పట్టినదన్నమాట.

ఈ నడుమ 1816లో లండను న్యాయస్థానమునకు వచ్చిన యొక వ్యాజ్యము తుపాకి గల ప్రతిగృహస్థుడును ఎఱిగియుండదగినది. ఒకడు తాను బసచేసియుండిన యింట మందు దట్టించిన తుపాకిని విడిచిపెట్టివచ్చెను. పిమ్మట దానిని తెచ్చుటకు పదమూడు పదునాలుగేండ్ల పనిపిల్లను పంపెను. అతడు బొత్తుగా నజాగ్రత్తపరుడును కాడు. రంజకము తీసివేసి యిమ్మని ఆ యింటివానికి చీటి వ్రాసిపంపెను. ఆ యింటివాడును అట్లే తీసివేసి, ఆ మాట పిల్లకు చెప్పి, తుపాకి చేతికిచ్చెను. ఆ పిల్ల యాటకై ఎనిమిది తొమ్మిదేండ్ల పసివానిపై దానిని గుఱిపెట్టి మీట నొక్కెను. తుపాకి పేలెను. పసివాని కన్నొకటియు పండ్లు రెండును పోయినవి. పసివాని తండ్రి దావా వేసెను. నేను చెప్పవలసిన జాగ్రత్త చెప్పితినిగదా యని తుపాకి స్వామి వాదము. న్యాయాధిపతి యెల్లెన్‌బరో ప్రభువు దానిని చెల్లదనెను. రంజకము తీయించుట చాలదు. గొట్టములోని మందునే తీయించి దానిని నిరపాయముగా చేసియుండవలసినదని తీర్పు. నూఱు పౌండ్ల పరిహారము నిలిచినది.

పిల్ల చేతికి తుపాకి పోవుట వేఱు, దొంగ చేతికి పోవుట వేఱు అని చదువరు లనవచ్చును. నిజమే. ఇంగ్లీషు న్యాయవాదు లిక్కడనే పెద్దగోడ కట్టిరి. పిల్లకు మంచిచెడ్డలు తెలియవు, దొంగకు తెలియును. బుద్ధిపూర్వకముగా తప్పుచేయు స్వతంత్రుడొకడు నడుమ వచ్చినచో, మొదటివాని యేమఱుపాటునకును తుదకు కలిగిన హానికిని గల లంకె తెగిపోవునని వారి సిద్ధాంతము. ఈ గోడ 1935లో కొంత బీటవాఱినది. లండనులో జనసమ్మర్దము గల వీధిని గుఱ్ఱపుబండిని కాపులేక విడిచిపోయిరి; పోకిరి పిల్లవాడొకడు రాయి విసరెను; గుఱ్ఱములు బెదరి పరుగెత్తెను; వానిని నిలుపబోయిన రక్షకభటుడు గాయపడెను. ఆ పిల్లవాని చేష్ట అడ్డువచ్చినదని స్వామి తప్పించుకొనజాలకపోయెను. అట్టి వీధిలో అట్టి పిల్లలుందురనియే గదా గుఱ్ఱములకు కాపుండవలయుననుట! ఏ యపాయమునకై జాగ్రత్త విధింపబడెనో ఆ యపాయమే వచ్చినపుడు, అది యితరుని చేతిమీదుగా వచ్చినదని చెప్పుట సమాధానము కాదు.

గుఱ్ఱము పోయి మోటారు వచ్చినను ప్రశ్న మాఱలేదు. 1943లో అమెరికా రాజధాని వాషింగ్టనున నొక వ్యాజ్యము. సందులో లారీని నిలిపి తాళపుచెవి దానియందే యుంచి పోయిరి. ఎవడో దానిని తోలుకొనిపోయి మనుష్యుని మీదికి నెక్కించెను. తాళము వేయకుండ బండిని విడువరాదని నగరనిబంధన యుండుటచేత స్వామి బాధ్యుడని న్యాయస్థానము నిర్ణయించినది. ఇంగ్లండున 1993లో తీర్పు మాఱుగా వచ్చినది. అక్కడ చిన్న బస్సొకటి తాళపుచెవితో గంటల తరబడి దారిప్రక్కన నిలిచియుండ, దొంగ దానిని తోలుకొనిపోయి సైకిలుపై పోవుచున్న యొక స్త్రీని చంపెను. బస్సులో స్వతస్సిద్ధముగా విశేషాపాయము లేదు గనుక సంస్థ బాధ్యురాలు కాదనిరి. ఈ తీర్పు కఠినమని నాకు తోచుచున్నను, దానిలోని యొక యంశము త్రోసివేయదగినది కాదు. బస్సు మనుష్యులను చేరవేయుటకు పుట్టినది. దొంగయు దానిని సాధారణముగ ప్రయాణమునకే వాడును. తుపాకి పుట్టుకయే వేఱు. దానిని దొంగిలించువాడు దేనికి దొంగిలించునో ఊహించుటకు పెద్దబుద్ధి యక్కఱలేదు.

తుపాకి విషయమున నీ వివాదము అమెరికాలో జరిగినంత తీవ్రముగ మఱెక్కడను జరుగలేదు. ఆయుధధారణము పౌరుల హక్కని 1791లోనే రాజ్యాంగమున చేర్చుకొన్న దేశమది. అక్కడ లైసెన్సుగల తుపాకి వర్తకుడు చోరవార్తను 48 గంటలలో ప్రభుత్వమునకు తెలుపవలయును. సామాన్య గృహస్థునకు దేశమంతటికి నట్టి విధి లేదు. కొన్ని రాష్ట్రములు మాత్రము విధించినవి. 2005లో చేయబడిన చట్టము తుపాకులు చేయువారిని, అమ్మువారిని పెక్కు దావాలనుండి కాపాడినది. వర్తకులకు పెట్టని కోట కట్టిన యీ చట్టమును పొగడుటకు నాకు నోరు రాదు. అయినను అందు గృహస్థునిగూర్చిన యొక భాగము యుక్తముగ నున్నది. చేతితుపాకికి తాళమువేసి పేలకుండ నుంచినవాడు, అనుమతి లేకుండ నితరుడు దానిని చేజిక్కించుకొని చేసిన హానికి పరిహారపు దావా నుండి రక్షణ పొందును. తాళము వేయనివానికి ఆ రక్షణ లేదు.

మసచూసెట్సు రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము 2006లో నింకొక యడుగు ముందుకు వేసినది. అక్కడ నొక యింట తుపాకులుండెను. అవి యింటి యజమానురాలివి కావు, ఆమెతో కాపురముండువానివి. వాని కుమారుడు హింసాస్వభావము గలవాడనియు, చిత్తస్థైర్యము లేనివాడనియు ఆమె యెఱుగును. అయినను వానికి ఆ యింట యథేచ్ఛగా వచ్చిపోవు వీలుండెను. 1999లో వాడొక తుపాకిని దొంగిలించి రక్షకభటునొకని కాల్చెను. ఆ భటుడు పిమ్మట మరణించెను. తుపాకి నాది కాదుగదా యని యామె వాదించిన, ఇల్లు నీది, వానికి ద్వారము తెఱచినది నీవు, వాని స్వభావ మెఱిగినది నీవు, కాబట్టి ఆ యింటి యాయుధములు భద్రముగ నున్నవో లేదో చూచుకొను విధి నీకు కలదని న్యాయాధిపతులు చెప్పిరి. ఆమె యా విధిని మీఱినదా లేదా యని నిర్ణయించుట జూరీ పనియనిరి. ఇచ్చట స్వామ్యమను మాటయే ప్రక్కకు తొలగిపోయినది. మిగిలినది కాపాడు భారము. రాత్రి యింట కట్టిన పశువునకు ఇంటివాడే యుత్తరవాది యన్న స్మృతివాక్యమునకును దీనికిని నాకంత దూరము కనబడలేదు.

మన దేశమున 1878లో లిట్టను ప్రభువు కాలమున వచ్చిన ఆయుధముల చట్టము వేఱు మనస్సుతో పుట్టినది. భారతీయుని చేత నాయుధముండరాదనుటయే దాని ముఖ్యచింత. ఐరోపీయులకు మినహాయింపు, దేశీయులకు లైసెన్సు. స్వదేశనాయకులు దాని నవమానముగ నెంచి పలుమాఱు ఖండించిరి. ఎవని చేతిలో నుండవచ్చునని యడిగిన యా ప్రభుత్వము, చేతిలో నున్నవాడు దానినెట్లు దాచవలయునను ప్రశ్నపై అంత శ్రద్ధ పెట్టినట్లు కానరాదు. స్వతంత్రభారతమున 1959లో దాని స్థానమున క్రొత్త చట్టము వచ్చినది. లైసెన్సు పొందినవాడు తన యాయుధము పోయినను, దొంగిలింపబడినను ఆలస్యము లేక సమీపపు పోలీసుస్టేషనున తెలుపుట లైసెన్సు షరతులలో నొకటి. 2016 నాటి నియమావళి, ఆయుధమును భద్రముగ నుంచుకొందునని ముందుగనే వ్రాయించుకొనుచున్నది. 1860 నాటి శిక్షాస్మృతి 2024 జూలై 1వ తేదీన తొలగిపోయినను, ప్రేలుడు పదార్థములను, అపాయకరమైన జంతువులను తనయొద్ద నుంచుకొని తగిన కట్టుబాటు చేయనివానిని శిక్షించు దాని నిబంధనలు క్రొత్త న్యాయసంహితలోనికి వచ్చియేయున్నవి. బాబిలోనునందలి యెద్దు ఇంకను మన చట్టములో కొమ్ములూపుచునే యున్నది.

ఈ సందర్భమున పేదరైతు పక్షమున నొకమాట చెప్పవలసియున్నది. అడవిపందులకు వెఱచి పంటకాపునకై తుపాకి నుంచుకొన్నవానికి ఇనుపబీరువా యుండకపోవచ్చును. పట్టణపు ధనికునికి తగిన జాగ్రత్తను వానినుండి కోరి, అది లేదని శిక్షించుట దొంగకు తోడు న్యాయస్థానమును వానిని దోచుటయే యగును. తూటాల నొకచోట, తుపాకి నింకొకచోట నుంచుటకు బీరువా యక్కఱలేదు. పోయిన యుదయముననే స్టేషనునకు పోవుటకును ధనమక్కఱలేదు. అక్కడికి పోయిన రైతును నిందితునివలె నిలువబెట్టి గద్దించు వాడుక యున్నంతకాలము, వాడు ఆ మెట్లెక్కుటకు వెనుదీయును. ఆ జంకులో దొంగకు పది దినములు చిక్కును. విధిని రైతుపై మోపిన చట్టము, ఆ విధిని నెఱవేర్పవచ్చినవానిని గౌరవించు విధిని అధికారిపైనను మోపవలయును.

తుపాకి లేని గృహములవారు ఈ చర్చ తమకు సంబంధింపదని యనుకొనుచుందురేమో. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణలో, పదునెనిమిదేండ్లు నిండని బాలుడు వాహనమును నడపి నేరము చేసినయెడల, సంరక్షకుడును వాహనస్వామియు దోషులుగా నెంచబడుదురనియు, వారికి మూడేండ్లవఱకు చెఱయు, ఇరువదియైదువేల రూపాయల జుల్మానాయు కలదనియు వ్రాయబడినది. ద్వారబంధపు మేకుకు తగిలించిన తాళపుచెవిని కొడుకు తండ్రికి చెప్పక తీసికొనిపోవుట మన యిండ్లలో దొంగతనమని యెవరును పిలువరు. తనకు తెలియకుండ జరిగినదనియో, దానిని నివారించుటకు తాను చేయవలసిన జాగ్రత్తయంతయు చేసితిననియో ఋజువు చేసికొన్నవానికి ఆ శిక్ష లేదు. ఋజువు చేయు భారము మాత్రము, కన్యూట్ రాజు నాడు ఈటె గలవానిపై నుండినట్లే, తండ్రిపైననే యుంచబడినది.